తమలపాకుల చాటున

శాంతిపూర్, నదియా జిల్లా
అగ్రహాయణ మాసం చివర

మాశీ పాదాలకు టుకు ప్రణామాలు.

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నిలబడి చదివితే సగంలోనే పక్కింటి బులాతో చెప్పడానికి పరిగెత్తుతావు.

నేను శిప్రా దీ పార్లరు మానేశాను. ఆ గాజు తలుపు బయటి నుంచి మూసినప్పుడు ప్రాణానికి ఎంత హాయిగా అనిపించిందంటే, టోటో రిక్షా కూడా ఎక్కకుండా ఇంటిదాకా నడిచి వచ్చాను. ఇన్నేళ్ళూ పెళ్ళికూతుళ్ళ ముఖాలు నేను దిద్దితే, పొగడ్తలు వచ్చినప్పుడు శిప్రా దీ అద్దం ముందుకు వచ్చి నిలబడేది. ఇక నా చేతులు నావి. పిలిచిన ఇంటికి నా పెట్టె పట్టుకుని వెళ్తాను, పెళ్ళికూతుర్ని తయారుచేస్తాను, వాళ్ళు పెట్టింది తిని వస్తాను.

మా అమ్మ, అదే నీ చెల్లెలు, రెండు పూటలు నాతో మాట్లాడలేదు. తరవాత చేపల కూర వడ్డిస్తూ, "ఫాల్గుణం వెళ్ళేలోగా నాలుగిళ్ళ వాళ్ళు నిన్ను పేరు పెట్టి పిలవాలి. లేకపోతే నోరు మూసుకుని మళ్ళీ శిప్రా దగ్గరికి పో" అంది. శిప్రా దీ అంతకన్నా ముందే అనేసింది: "కుర్చీ ఖాళీగానే ఉంచుతాలే. పేరు తెలియని పిల్లని పెళ్ళింట్లోకి ఎవరు రానిస్తారో నేనూ చూస్తా." ఆ కుర్చీలో మళ్ళీ కూర్చోవడం కంటే పడవ ఘాట్‌లో వేరుశెనక్కాయలు అమ్ముకోవడం నయం.

అందుకని పేరు తెలిసేలా చేసే పనిలో పడ్డాను. కార్డులు కొట్టించి, బెండు కిరీటాలు అమ్మే కొట్లోనూ చీరల దుకాణాల గద్దీల్లోనూ పెట్టించాను. నిమాయ్ దా టోటో వెనక నా పోస్టరు కట్టాను. ఫోనులో 'టుకు సింగారం' అని పేజీ తెరిచాను. ఇప్పటికి చూసేవాళ్ళు తక్కువే గానీ 'నీలి శంఖుపువ్వు' అనే ఎవరో మాత్రం, నేను ఏ ఫొటో పెట్టినా అందరికంటే ముందు గుండె గుర్తు నొక్కుతారు. ముఖం లేదు, ఊరు లేదు. ఎవరైతేనేం, ఆ ఒక్క గుండె చూసుకుని పడుకుంటున్నాను.

నీకు ఫోను పడదు కాబట్టి మూడు ఫొటోలు కడిగించి పంపుతున్నాను. ముగ్గురూ నేను చేసిన పెళ్ళికూతుళ్ళే. ఎలా ఉన్నాయో రాయి. మెచ్చుకుంటూ రాయి.

నీ టుకు

*

జల్పాయిగురి
పౌషం, మంచు రోజు

చిరంజీవి టుకుకు మాశీ ఆశీస్సులు.

కూర్చునే చదివాను. మానేశావన్న చోట లేచి నిలబడ్డాను, అంతే. బులాకి మర్నాడు చెప్పాను.

మీ అమ్మ ఏడుపు ఉత్తరం నీదాని కంటే ముందే వచ్చింది. కూతురు పెట్టె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే నామోషీ అట. 'నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇంజెక్షన్ల పళ్ళెం పట్టుకుని మంచం మంచం తిరిగాను, అదీ నామోషీయేనా' అని జవాబు రాశాను. కొన్నాళ్ళు నోరెత్తదు.

ఇక ఫొటోలు. మెచ్చుకోమన్నావు, కాసేపాగి మెచ్చుకుంటాను. మూడింటినీ కిటికీ దగ్గర పెట్టి చూశాను. అక్కచెల్లెళ్ళేమో అనుకున్నాను. వెనక పేర్లు చూస్తే ఒకరు ఘోష్, ఒకరు సాహా, ఒకరు మండల్. బులాకి చూపిస్తే, "ఈ పిల్ల మూడు చీరలు మార్చిందా" అంది. అప్పుడు చెయ్యి అడ్డం పెట్టి, నువ్వు వేసిన రంగంతా మూసి, వేళ్ళ సందులోంచి వెతికాను. సాహా వాళ్ళ పిల్లకి ఎడమ కన్ను కాస్త చిన్నది. దాన్ని పట్టుకుని ఆ పిల్లని కనుక్కున్నాను. మిగతా ఇద్దరూ నాకు దొరకలేదు. శిప్రా దగ్గర్నుంచి నువ్వు వచ్చేశావు గానీ శిప్రా అచ్చు నీ పెట్టెలో కూచుని నీతోపాటే వచ్చేసిందే పిల్లా.

నీ చెయ్యి మంచిది, అందులో అనుమానం లేదు. నుదుటి మీద గంధపు తీగలు చూస్తే నాకే ముచ్చటేసింది. మా నర్సుల హాస్టల్లో పెళ్ళిళ్ళకి గంధం నేనే పెట్టేదాన్ని. బ్రష్షు ఎక్కడిది? తాంబూలం పళ్ళెంలోంచి ఒక లవంగం తీసి, తలకాయ గంధంలో ముంచి చుక్కలు పెట్టడమే. ఆ నాలుగు చుక్కలకే పిల్ల ముఖం వెలిగేది. ఎవరి ముఖం వారిదే ఉండేది.

ఇదిగో మెచ్చుకున్నాను.

ఇక్కడ చలికి తోటంతా చచ్చింది, గేటు మీది తీగ ఒక్కటే పూస్తోంది. ఫోను మాత్రం చెయ్యకు. నా చెవిలో నువ్వు బావిలోంచి మాట్లాడినట్టుంటుంది. ఆ పేజీల సంగతీ నాకు చెప్పకు, అవేవీ నాకు తెలియవు.

మాశీ

*

శాంతిపూర్
మాఘం మొదట్లో

మాశీ,

ప్రణామాలు. నీ మీద కోపంగా ఉన్నాను, అందుకే పౌషమంతా రాయలేదు. ఎలాగూ పౌషంలో పెళ్ళిళ్ళు లేవు, ఖాళీగా కూర్చుని కోప్పడ్డాను.

నువ్వు అన్నది నాకు నచ్చలేదు. డబ్బిచ్చి పిలిచేవాళ్ళు మార్పు కోరతారు. ముందున్న ముఖమే తరవాతా ఉంటే నన్ను పిలవడం దేనికి? ముఖం మారినట్టు ఫొటోలో కనిపించాలి. కనిపిస్తేనే ఇంకొకరు పిలుస్తారు. ఈ వ్యాపారం ఇంతే.

ఇంకో సంగతి. నిమాయ్ దా టోటో రోజూ చేపల బజారు ముందు ఆగుతుంది. పోస్టరు మీది నంబరు చూసి ఒకాయన నాకు ఫోను చేసి, "పులస చేప గుడ్డుతో ఉందా" అని అడిగాడు. నిమాయ్ దాతో దెబ్బలాడబోయాను. ఈలోగా అదే బజారులో అదే పోస్టరు చూసి ఒకావిడ నిజంగా పిలిచింది. గోస్వామి వీధిలో వాళ్ళ అమ్మాయి మౌతుశి పెళ్ళి. ఇప్పటిదాకా చేసినవన్నీ తెలిసినవాళ్ళ పెళ్ళిళ్ళు. నన్ను బొత్తిగా ఎరగని ఇంటి నుంచి పిలుపు ఇదే మొదలు. అమ్మ కూడా చీర కొంగు సర్దుకుని, "ఎవరు వాళ్ళు? మంచివాళ్ళేనా?" అని అడిగింది. అంటే సంతోషం అన్నమాట.

పెళ్ళికొడుకు అర్ఘ్యది గంగకి ఆవలి ఒడ్డు, కాల్నా. వాళ్ళ ఇంట్లో అతని నానమ్మ, ఠాకుమా, మాట అంటే మాట. పెళ్ళి ఖాయమై ఆశీర్వాదం అయిన దగ్గర్నుంచి ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకూడదని ఆవిడ ఆజ్ఞ. ఫోనులో బొమ్మ కూడా పనికిరాదు. పీట మీద పెళ్ళికూతురు ముఖానికి అడ్డం పట్టిన తమలపాకులు దించినప్పుడు తొలిసారి చూడాలి, అప్పుడే అది శుభదృష్టి అంటుందట. వీళ్ళిద్దరికీ అది ఆటలా ఉంది. మౌతుశి నాతో చెప్పి నవ్వింది: "మాట్లాడుకుంటాం టుకు దీ, చూసుకోం. మీసం తీసేశాడో ఉంచాడో కూడా నాకు తెలియదు." నేను వెళ్ళినప్పుడల్లా ఆ పిల్ల తమలపాకులు రెండు ముఖానికి అడ్డం పట్టుకుని అద్దంలో దించి చూసుకుంటుంది, చెయ్యి వణకకుండా ఉండాలని.

ఈ పెళ్ళి నా పేరు నిలబెట్టాలి మాశీ. ముఖం తయారైన వేడిమీదే ఫొటో పేజీలో పెట్టేస్తాను. పెళ్ళికి వచ్చినవాళ్ళు అక్కడే ఫోను తీసి నా పేరు వెతకాలి. ఫాల్గుణానికి ఇద్దరు అడిగి ఉంచారు, ఇది చూసి ఖాయం చేస్తామన్నారు.

ఇలా రాస్తుంటే కోపం పోయింది. కొత్త బెల్లం సందేశ్ పంపుతున్నాను, బులాకీ పెట్టు.

నీ టుకు

*

శాంతిపూర్
మాఘం

మాశీకి ప్రణామాలు.

మౌతుశి పెళ్ళి అయిపోయింది. బాగానే జరిగింది. నాకు కాస్త జలుబు చేసింది, అందుకని ఎక్కువ రాయడం లేదు. అమ్మ కులాసా.

టుకు

*

జల్పాయిగురి
మాఘం

టుకూ,

ఆసుపత్రిలో పనిచేసినవాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది. 'బాగానే ఉంది' అన్నవాడి దుప్పటే ముందు ఎత్తి చూస్తాం.

ఏడాదిలో నువ్వు నాకు రాసిన ఉత్తరాల్లో ఒక్క పేజీకి తగ్గింది లేదు. దోమ కుట్టినా రెండు పేజీలు రాసే పిల్లవి, నీ బతుకంతా దానిమీదే ఉందన్న పెళ్ళి గురించి ఒక్క వాక్యం రాస్తావా? అంత బాగా జరిగితే ఆ ఫొటో పెట్టిన పూటే ఎందుకు తీసేశావు? జలుబు ఎక్కడ చేసిందో చెప్పు. నేను తిట్టను. తిట్టినా అది ఇక్కడే, నీకు వినపడనంత దూరంలో.

అంతా రాయి.

మాశీ

*

శాంతిపూర్
మాఘం చివర

మాశీ,

ఫొటో తీసేశానని నీకు అమ్మ రాసి ఉంటుంది. ఆవిడ కడుపులో ఏదీ దాగదు. సరే, అంతా చెప్తాను.

ఆ రోజు గోధూళి లగ్నం. మధ్యాహ్నం గడిచేసరికి మౌతుశి ముఖం తయారైంది. నా చేత్తో నేను చేసినవాటిలో అంత నున్నగా కుదిరింది ఇంకొకటి లేదు. చూసి నాకే మతిపోయింది. ఫొటో తీశాను, పేజీలో పెట్టాను. ఆ పిల్లని అడగను కూడా అడగలేదు మాశీ. ఆకులు దించేదాకా ఎవరూ చూడకూడదని వాళ్ళు నెలంతా ఆడిన ఆట నాకు తెలుసు, నీకు రాసింది నేనే. ఆ నిమిషంలో గుర్తులేదు. నా కళ్ళకి మౌతుశి కనపడలేదు, నా పేరే కనపడింది.

మగపెళ్ళివారు అప్పటికి పడవ ఎక్కారు. పెళ్ళికొడుకు బాబాయి కూతురు రిమ్‌ఝిమ్ అని ఒక పిల్ల, నా పేజీ చూస్తూ ఉంటుందట. గంగ మధ్యలో ఉండగా ఫోను తీసింది. "ఒరే దాదా, వదిన!" అని కేక పెట్టి అతని ముఖం ముందు పట్టింది. పడవలో ఉన్నవాళ్ళందరి చేతులూ తిరిగి చివరికి ఆ ఫోను ఠాకుమా దగ్గరికి వచ్చింది.

వాళ్ళు రాగానే ఇక్కడ శంఖాలు ఊదారు. ఠాకుమా నేరుగా లోపలికి వచ్చింది. చిన్న మనిషి, అంచు మాత్రమే ఉన్న తెల్లచీర. గొంతు పెంచకుండా మౌతుశి వాళ్ళమ్మతో అంది: "నెల రోజులు వాడి ఫోనులోకి కూడా ఈ పిల్ల ముఖం రాకుండా కాపలా కాశానమ్మా. మీరేమో సంతలో పెట్టారు. ఇంక ఆ ఆకులు దేనికి, వంటింట్లోకి పంపించండి, భోజనాలయ్యాక చుట్టుకుని నములుతారు."

వాళ్ళమ్మకి మొదట అర్థం కాలేదు. తరవాత నా వంక చూసింది. ఫొటో తీసేశాను, తొందరలో రెండుసార్లు తప్పు నొక్కాను. తీసేసి ఏం లాభం, చూడవలసినవాళ్ళంతా చూశారు. బయట కుర్రాళ్ళు నవ్వుకుంటున్నారు: "మనం పడవలోనే శుభదృష్టి కానిచ్చేశాం, ఇంక విందు వడ్డించెయ్యండి."

మౌతుశి అదంతా విన్నది. ఆకులు ఒళ్ళో పెట్టేసుకుని, "నేను పీట ఎక్కను" అంది. "ఎక్కినా ఆకులు తియ్యను. చూసేసిన సినిమా మళ్ళీ చూసినట్టు చూస్తారు నన్ను." ఏడవను కూడా లేదు. ఏడిస్తే నా రంగు చెదురుతుందని ఆపుకుంది.

తలుపు బయట అన్నదమ్ములు ఆ పిల్లని కూర్చోబెట్టి మోసుకెళ్ళడానికి పీట పట్టుకుని నిలబడ్డారు. "లగ్నం దాటిపోతోంది" అని దబదబా కొడుతున్నారు. ఏం చెయ్యాలో తోచక నేను ఆ పిల్ల ముఖానికి నా చెయ్యి అడ్డం పెట్టాను. ఎందుకు పెట్టానో తెలుసా? నువ్వు రాశావు కనుక. వేళ్ళ సందులోంచి వెతికాను. కింది పెదవి పక్కన చిన్న పుట్టుమచ్చ ఉంటుంది ఆ పిల్లకి, నవ్వినప్పుడు అది కూడా నవ్వుతుంది. దాన్ని నేను పొర మీద పొర వేసి పూడ్చిపెట్టాను.

"మౌతుశీ, అతను చూసింది నేను వేసిన రంగుని. నిన్ను ఇంకా ఎవరూ చూడలేదు. తుడిచెయ్యనా?" అన్నాను.

ఈసారి అడిగాను మాశీ. అది ఒక్కటీ సరిగ్గా చేశాను.

ఆ పిల్ల నా కళ్ళలోకి చూసి తలూపింది. కొబ్బరినూనె, తడి గమ్ఛా తువ్వాలు. మధ్యాహ్నమంతా కూర్చుని కట్టిన ముఖాన్ని నా చేత్తో నేనే ఊడ్చేశాను. వాళ్ళమ్మ "ఓలమ్మో, ఇదేం పిల్ల, ఉన్నది కూడా తుడిచేస్తోంది" అని గోడకి ఆనుకుంది. బ్రష్షులు కడిగే వ్యవధి లేదు. తాంబూలం పళ్ళెం కనపడింది. లవంగం తీసి గంధంలో ముంచి కనుబొమల మీద ఒక్క వరస చుక్కలు పెట్టాను. కాటుక దిద్దాను. బెండు కిరీటం పెట్టాను. తలుపు తీశాను.

పీట మోస్తూ పెళ్ళికొడుకు చుట్టూ తిప్పే ఏడు ప్రదక్షిణాలూ అయ్యాయి. పీట ఎత్తి పట్టుకున్నారు. ఆకులు దించే ముందు ఆ పిల్ల చెయ్యి వణకలేదు. దించింది. కుర్రాళ్ళ నవ్వు ఆగిపోయింది. అర్ఘ్య చూస్తూ ఉండిపోయాడు, తరవాత పెదవులు కదిపి ఏదో అన్నాడు. శంఖాల మోతలో నాకు వినపడలేదు. మంచిమాటో, 'ఇదేంటి ఇలా ఉంది' అన్నాడో తెలియదు. ఠాకుమా వీపు నావైపు ఉంది. నేను పెట్టె తీసుకుని వెనక తలుపులోంచి వచ్చేశాను, అన్నం కూడా తినలేదు.

ఇప్పుడు ఊళ్ళో ఒకటే కథ: టుకు పెళ్ళికూతురి ముఖం కడిగి పీట ఎక్కించింది. ఫాల్గుణానికి అడిగిన ఇద్దరూ వద్దన్నారు. శిప్రా దీ కబురంపింది, కుర్చీ ఖాళీగానే ఉందట. మౌతుశి దగ్గర్నుంచి ఒక్క మాట లేదు. నేను అడిగే ధైర్యం చెయ్యలేదు.

వచ్చే నెల మొదట్లో మళ్ళీ శిప్రా దీ పార్లరులో చేరదామనుకుంటున్నాను. అయినా నీకు రాసేశాక ఎంత తేలికైందో చెప్పలేను. జలుబు అబద్ధం.

టుకు

*

జల్పాయిగురి
ఫాల్గుణం

టుకూ,

తిట్టనన్నాను కాబట్టి ఒక్కసారే తిడతాను: గాడిద. అయిపోయింది.

నువ్వు చేసిన తప్పు ఒకటుంది, మంచిపని ఒకటుంది. రెండూ ఒకే మూటలో కట్టి తల మీద పెట్టుకుని ఏడుస్తున్నావు. మూట విప్పు. అడగకుండా ఆ పిల్ల ముఖం ఊరికి చూపించావు, అది తప్పు. దానికి క్షమాపణ ఆ పిల్లకి చెప్పాలి. నాకు కాదు, మీ అమ్మకి కాదు, పేజీలో కాదు. ఇక నీ మధ్యాహ్నమంతా నీ చేత్తోనే తుడిచెయ్యడం. నేను ఆపరేషన్ గదుల్లో పెద్ద పెద్దవాళ్ళని చూశాను, తమ చేతిపని తామే విప్పి మళ్ళీ కుట్టగలిగినవాళ్ళు తక్కువ. నాకు గర్వంగా ఉంది. ఇది చదివి తల ఎగరెయ్యకు.

పడవెక్కి కాల్నా వెళ్ళు. పిలుపులు వస్తాయని వెళ్ళకు, ఆ ముసలావిడ నాలుగు మాటలు అంటే పడడానికి వెళ్ళు. వచ్చాక కూడా శిప్రా దగ్గర చేరాలనిపిస్తే చేరు, నేను ఒక్క మాట అనను. ముందు మాత్రం వద్దు.

ఒట్టి చేతులతో పోకు. మీ ఊరి మిఠాయి, నిఖుతీలు పట్టుకుపో.

మాశీ

*

శాంతిపూర్
ఫాల్గుణం

మాశీ,

కూర్చున్నావా? కూర్చో.

నిఖుతీల పొట్లం పట్టుకుని పడవ ఎక్కాను. ఆవలి ఒడ్డు దగ్గరయ్యే కొద్దీ దిగకుండా అదే పడవలో వెనక్కి వచ్చేద్దామా అనిపించింది. పడవవాడు "దిగండి దిగండి" అని తరిమాడు కాబట్టి దిగాను.

ఠాకుమా ఎండలో పాత చీర పరిచి వడియాలు పెడుతోంది. నన్ను చూసి, పిండి చేత్తోనే కళ్ళకి నీడ పట్టుకుని, "ఆ ఫోను పిల్లవి నువ్వేనా" అంది. అవునన్నాను. "మౌతుశికి క్షమాపణ చెప్పుకుందామని వచ్చాను" అన్నాను.

"చెప్పుకో. లోపలుంది. తరవాత ఇటు రా, నాకూ చెప్పాలి."

మౌతుశి నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. నేను గుమ్మంలో అనుకున్నదంతా ఒక్క బిగిన చెప్పేశాను. "నిన్ను అడగలేదు, అడగాల్సింది" అన్నాను. ఆ పిల్ల, "ఆ రోజు నీ మీద చాలా కోపం వచ్చింది టుకు దీ" అంది. "ఎంత కోపమంటే, ఎన్ని రోజులైనా నీకు ఫోను చెయ్యబుద్ధి కాలేదు. ఇప్పుడు పోయింది." అప్పుడు అడిగాను, పీట మీద అతను ఏమన్నాడని.

అర్ఘ్య అక్కడే ఉన్నాడు, తలుపు పక్కన. సిగ్గుపడుతూ తనే చెప్పాడు: "అమ్మయ్య అన్నాను దీదీ."

అమ్మయ్య అన్నాడట మాశీ.

"పడవలో ఆ ఫొటో చూసి నాకు చెమట పట్టింది. నేను చూసి ఒప్పుకున్న అమ్మాయికి ఇక్కడ పుట్టుమచ్చ ఉంది, ఆ ఫొటోలో లేదు. ఎవర్నో చేసుకోబోతున్నానని, గంగలో దూకెయ్యాలనిపించింది. ఎవరితో అంటాను? అందరూ అబ్బ ఎంత బావుందో అంటున్నారు. ఆకులు దించగానే ముందు మచ్చే చూశాను" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వాళ్ళింట్లో కూర్చుని రెండు గ్లాసుల నీళ్ళు తాగాను.

తరవాత ఠాకుమా దగ్గరికి వెళ్ళాను. ఆవిడ వడియాలు పెడుతూనే అంది: "తప్పు చేశావు. చేసి పారిపోయావు, అది ఇంకో తప్పు. ఆకులు దించగానే అందరికంటే ముందు ఉలుఉలు అని మంగళధ్వని చేసింది నేనే. ఆగి ఉంటే వినేదానివి. మా కాలం పెళ్ళిళ్ళలో పిల్ల పిల్లలాగే ఉండేది. మళ్ళీ అలాంటి ముఖం పీట మీద చూస్తాననుకోలేదు." ఆపై చెయ్యి కడుక్కుని, "వైశాఖంలో రిమ్‌ఝిమ్ పెళ్ళి. నువ్వే రావాలి. వచ్చినప్పుడు నీ ఫోను నాకివ్వాలి. ఆకులు దించేదాకా నా కొంగున తాళాలతో పాటు కట్టుకుంటా" అంది. రిమ్‌ఝిమ్ వెనక నుంచి "నా ఫోను కూడా కట్టేసుకుంటుందట" అని గొణిగింది.

ఆ ఇంటి పిలుపుతో ఆగలేదు. ఠాకుమా కథ చెప్తే కాల్నాలో విననివాళ్ళు లేరు. అదే వీధిలో ఇంకో ఇల్లు పిలిచింది. మన ఊళ్ళో, మొన్న వద్దన్న ఇద్దరిలో ఒకరు మళ్ళీ వచ్చి, "మా అమ్మాయికి కూడా అదే ముఖం కావాలి" అన్నారు. "అదే ముఖం కుదరదు, అది మౌతుశిది. మీ అమ్మాయిది మీ అమ్మాయికి చేస్తాను" అన్నాను. వాళ్ళకేం అర్థమైందో గానీ సరే అన్నారు. అమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది, మౌతుశి వాళ్ళతో కలిపి నాలుగిళ్ళు. ఫాల్గుణం ఇంకా మిగిలే ఉంది. నా కంచంలో చేప తలకాయ వేసింది.

శిప్రా దీ కుర్చీలో ఇంకెవరినో కూర్చోబెట్టిందట. ఆ పిల్లని తలుచుకుంటే జాలేసింది, నన్ను తలుచుకుంటే హాయిగా ఉంది.

పేజీలో పాత ఫొటోలన్నీ తీసేశాను. ఇక నుంచి పెళ్ళికూతురు ఆకులు అడ్డం పట్టుకున్న బొమ్మే పెడతాను, కనుబొమల పైన గంధం మాత్రం కనపడేలా. ముఖం పెట్టాలంటే పెళ్ళయ్యాక, ఆ పిల్ల పెట్టమంటేనే. కార్డు మీద కూడా రెండు తమలపాకులు వేయించాను. నిమాయ్ దా టోటోకి కొత్త పోస్టరు కట్టాను. నిన్న చేపలవాడు దాన్ని చూసి, "మేకప్ మానేసి పాన్ కొట్టు పెట్టావా" అని అడిగాడు.

ఒక్క ముఖం మాత్రం పెట్టాను, మౌతుశి తనే ఇచ్చి పెట్టమంది. పీట మీద ఆకులు దించిన క్షణాన తీసినది. ముఖాన నూనె మెరుస్తోంది, గంధపు చుక్కల్లో ఒకటి నా బొటనవేలు తగిలి చెదిరింది, మచ్చ కనిపిస్తోంది. నేను చేసిన పని అందులో ఏమీ కనపడదు. అయినా పెట్టాను. నీకు కడిగించి వచ్చే వారం పంపుతాను.

నీలి శంఖుపువ్వు ఎప్పటిలాగే అందరికంటే ముందు గుండె నొక్కేసింది.

నీ టుకు

*

జల్పాయిగురి
ఫాల్గుణం

టుకూ,

ఫొటో కడిగించకు, డబ్బు దండగ. చూశాను.

ఆశ్చర్యపోతున్నావా? నా గేటు మీద ఏ తీగ పాకుతుందో చిన్నప్పటి నుంచి చూస్తున్నావు, ఆ నీలం పూలు గౌనులో పోసుకుని ఇల్లంతా వేశావు, అయినా కనిపెట్టలేకపోయావు. నా చెవులు చెడ్డాయి గానీ కళ్ళు బాగానే ఉన్నాయి. నువ్వు పార్లరు మానతావని నాకు ఏడాదిగా తెలుసు, బులా దగ్గర కూర్చుని ఆ ఫోను నేర్చుకున్నది అందుకే. తొలినాళ్ళలో ఒక్కరైనా నీ పని చూసేవాళ్ళు ఉండాలి కదా. చెప్తే నన్ను చూసి సిగ్గుపడి నీకు నచ్చినట్టు పెట్టవని చెప్పలేదు. ఆ పెళ్ళినాడు ఫొటో వచ్చి, నేను గుండె నొక్కి కళ్ళజోడు తుడుచుకునేలోగా మాయమైపోయింది. ఆ తరవాత నీ ఉత్తరం వచ్చేదాకా నాకు ముద్ద దిగలేదు. ఇప్పుడు దిగుతోంది. నిన్న రెండు పూటలా తిన్నాను.

ఫోను తెలుసు కదా అని నాకు ఫోను చెయ్యకు. ఉత్తరమే రాయి.

మౌతుశి ఫొటో పొద్దున కిటికీ దగ్గర చాలాసేపు చూశాను. ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

మాశీ